నడుం మడత పడిన గడ్డి

హెగ్‌దాల్ లోయలో గడ్డి దడి కట్టడం తెలిసినవాళ్లని లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే. తెలుసని కబుర్లు చెప్పేవాళ్లకి మాత్రం కొదవ లేదు. నిజంగా తెలిసినవాడు టారల్డ్. మా లోయలో నేలంతా ఏటవాలు. రెండు రోజులు ఎండ కాస్తే మూడు రోజులు వాన. కోసిన గడ్డిని నేలమీద వదిలేస్తే కుళ్లిపోతుంది. అందుకే గుంజలు పాతి, అడ్డంగా ఐదు వరసల తీగ లాగి, తీగ మీద గడ్డి వేలాడదీస్తారు. కింది వరసలు ఏ అడ్డగాడిదైనా వేస్తాడు. పనితనమంతా పై వరసలో ఉంది. పోచలన్నీ కిందికి వాలేలా చేత్తో దువ్వి, ఇంటికి కప్పు వేసినట్టు వేయాలి. టారల్డ్ వేసిన పై వరసలోంచి వారం రోజుల వానలో కూడా చుక్క లోపలికి దిగేది కాదు.

అతనికి పద్నాలుగో ఏట ఆ విద్య అబ్బింది. అదే ఏడు తండ్రి గుర్రాన్ని అమ్మేసి ట్రాక్టరు కొన్నాడు. ఆ రోజు టారల్డ్ అడవిలోకి పోయి, మర్నాడు గాని ఇంటికి రాలేదు. తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్క సిగ్నె వచ్చి ఇంట్లో ఉంటే, ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ కాలక్షేపం చేసేవారు. అలాంటివాడికి యాభై అయిదో ఏట ఏటి అవతలి మ్యూజియం వాళ్లు కబురు పెట్టారు.

మ్యూజియమంటే అద్దాల బీరువాలు కాదు. ఎక్కడెక్కడి పాత కొయ్య ఇళ్లనో విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఒక గడ్డి మైదానం, వందేళ్లనాటి ఒంటిగుర్రం కోత బండి, దాన్ని లాగడానికి బ్రూనా అనే గోధుమరంగు గుర్రం. ఏటా జులైలో రెండు వారాలు టారల్డ్ గడ్డి కోయాలి, దడి కట్టాలి. బస్సుల్లో వచ్చిన జనం చూస్తారు, ఫొటోలు తీస్తారు, కాసేపు తామూ చెయ్యి వేస్తారు. మొదటిరోజు బ్రూనా పగ్గాలు పట్టుకుంటే టారల్డ్‌కి ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు మొహం తుడుచుకున్నాడు.

అక్క మాత్రం ఊరుకునే రకం కాదు. మ్యూజియం వాళ్లిచ్చిన బూడిదరంగు ఉన్ని ప్యాంటు వేసుకుని, పాతకాలం టోపీ పెట్టుకుని అతను బయలుదేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి మొదలుపెట్టేది.

"ఏరా, వేషం కట్టావా? ఇవాళ ఎన్ని ఆటలు?"

"ఆట కాదక్కా, పని."

"పనైతే మామూలు ప్యాంటు వేసుకుని చెయ్యొచ్చుగా? ఆ ఉన్ని గుచ్చుకుని రాత్రంతా గోక్కుంటున్నావు."

"ప్యాంటు వాళ్లది, గడ్డి నాది. చలికాలమంతా బ్రూనా కడుపులోకి పోయేది నా గడ్డే. నాటకం తిని గుర్రం బతుకుతుందా చెప్పు?"

ఆ మాటతో సిగ్నె లోపలికి వెళ్లిపోయేది. టారల్డ్‌కి ఉన్న బలమంతా ఆ ఒక్క మాటే. ఊరు ఎగతాళి చేసినా, జనం వింతగా చూసినా, పిల్లలు టోపీ లాగినా, ఎవరో పెద్దమనిషి "మీరు నిజంగా రైతేనా, నటులా?" అని అడిగినా అతనికి పట్టేది కాదు. ఒక గుర్రం తన చేతి గడ్డి తిని బతుకుతోంది. అంతకంటే నిజమైన పని ఏముంటుంది?

ఆ సంగతి అతనికి ఏటేటా చెప్పింది గున్‌వోర్. బ్రూనాని చూసుకునే మనిషి. కనుమ అవతల ఆమెకి సొంత పొలం, కొట్టం ఉన్నాయి. సెప్టెంబరు ఆఖరుకి బ్రూనాని తన కొట్టానికి తోలుకుపోయేది. గడ్డి కూడా లారీలో వెంట వెళ్తుందని టారల్డ్ నమ్మకం. ఆ రోజుల్లో అతను దుప్పుల వేటకి కొండెక్కి ఉండేవాడు. వేట ముగిసి దిగేసరికి గుర్రం వెళ్లిపోయేది, మంచుపడి కనుమ దారి మూసేసేవారు. ఇక ఏప్రిల్ దాకా ఆదివారం ఫోనే గతి.

"ఏమంటోంది బ్రూనా?" అనేవాడు.

"ఏమంటుంది! గాడి అడుగు నాకి నాకి మెరిపించింది. ఇంకా పెట్టమని కొయ్య తంతోంది," అనేది గున్‌వోర్. "నీ గడ్డిలో షాజీరా మొక్కలున్నాయే, వాటిని ముందు ఏరుకుంటోందయ్యా, పెళ్లిలో మిఠాయి ఏరుకునే పిల్లలాగా."

ఫోను పెట్టేశాక టారల్డ్ ఆ మాట అక్కకి చెప్పేవాడు. భోజనాల దగ్గర మళ్లీ చెప్పేవాడు. "తెలుసులేరా, షాజీరా," అనేది సిగ్నె. పన్నెండు చలికాలాలు ఇలాగే గడిచాయి.

పదమూడో ఏడు మోకాలు వాచి వేటకి పోలేకపోయాడు. ఇంట్లో కూర్చుంటే అక్క నస. సరే, ఏనాడూ చూడలేదు కదా అని మ్యూజియంలో అక్టోబరు సంతకి బయలుదేరాడు. మూడు రోజులుగా ముసురు. కార్లు నిలిపే చోటంతా బురద. కుర్రకారు ఎర్ర చొక్కాలు వేసుకుని చక్రాల కింద ఎండుగడ్డి చల్లుతున్నారు. మంచి ఉపాయమే అనుకుంటూ టారల్డ్ కారు దిగాడు.

దిగిన అడుగులోనే షాజీరా వాసన వచ్చింది.

వంగి గుప్పెడు తీశాడు. పచ్చదనం ఇంకా పోని గడ్డి. పోచలన్నిటికీ నడుం దగ్గర ఒకటే మడత. నేలమీద ఎండిన గడ్డికి ఆ మడత ఉండదు, ట్రాక్టరు చుట్టిన గడ్డికీ ఉండదు. తీగ మీద వేలాడిన గడ్డికే ఉంటుంది. హెగ్‌దాల్ మొత్తంలో ఇప్పుడు తీగ మీద గడ్డి వేసేది తనొక్కడే. అయినా మనసు ఒప్పుకోలేదు. లారీలో పట్టక మిగిలిందేమో అనుకున్నాడు.

మ్యూజియం పెద్ద కేతిల్ గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. టారల్డ్ చేతిలో గడ్డి చూసి ఆగిపోయాడు.

"ఈ గడ్డి ఇక్కడికెలా వచ్చింది కేతిల్?"

"అదా... అది మిగులు గడ్డండీ, టారల్డ్ గారూ. వేటకి వెళ్లలేదా మీరు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ ఆ మనిషిని వదిలేసి టారల్డ్ కుంటుకుంటూ గడ్డి కొట్టంలోకి పోయాడు. కొట్టం సగానికి పైగా నిండుగా ఉంది. జులైలో తను ఎక్కించిన గడ్డి ఎక్కించినట్టే ఉంది. తలుపు దగ్గర మాత్రం, కుర్రాళ్లు బండికెత్తుకుపోయినంత మేర ఖాళీ. ఒక్క మోపు కూడా కనుమ దాటలేదు.

లోపలి వరసలోంచి రెండు చేతుల నిండా మంచి గడ్డి తీసుకుని కారు డిక్కీలో పెట్టుకున్నాడు. సంత చూడలేదు. కనుమ దారి ఇంకా తెరిచే ఉంది. గంటన్నర బండి నడిపి గున్‌వోర్ వాకిట్లో దిగి, డిక్కీలోంచి గడ్డి తీసుకున్నాడు.

కొట్టం పక్కన తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి ఉండలు వరసగా ఉన్నాయి. మా వైపు వాటిని ట్రాక్టరు గుడ్లంటారు. కొట్టం నిండా ప్లాస్టిక్‌లో పులిసిన గడ్డి పుల్లటి వాసన. గున్‌వోర్ చేటంత మొహం చేసుకుని బయటికొచ్చింది. అతని చేతుల్లో గడ్డి చూశాక ఆ నవ్వు మిగల్లేదు.

"లోపలికి రా. కాఫీ పెడతాను."

"కాఫీ తర్వాత. ఇది ఎన్నాళ్లనుంచి?"

"రెండో ఏటినుంచి," అంది. "ఆ చలికాలం బ్రూనాకి కడుపునొప్పి వచ్చింది. పేడలో ప్లాస్టిక్ రిబ్బను పడింది. జనం చేతులు పడే గడ్డి కదా, అందులో తలపిన్నులు, చాక్లెట్ కాగితాలు. ఆ గడ్డి ఇక పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు? జనాన్ని దడి దగ్గరికి రానివ్వకపోదునే. ప్రతి పోచా వెతికి వేద్దునే."

"చెబితే నువ్వు మానేస్తావని కేతిల్ భయపడ్డాడు. నేను చెబుదామనే అనుకున్నాను. ఆ ఆదివారం ఫోన్లో నువ్వు అడిగావు, ఏమంటోంది బ్రూనా అని. నీ గొంతు విని నోరు రాలేదయ్యా. ఒక్కసారికి అబద్ధమాడాను. వచ్చే వారం నువ్వు మళ్లీ అడిగావు."

"ఒక్కసారా? షాజీరా ఏరుకుంటోందన్నావు. గాడి నాకిందన్నావు. కొయ్య తన్నిందన్నావు. పదకొండేళ్లు కూర్చుని కల్పించావు గున్‌వోర్!"

"నీ సంతోషం కోసమే కదా."

"కేతిల్ సంగతి వదిలెయ్, వాడికి నేనొక బొమ్మని. నువ్వు గుర్రాలు పెంచిన మనిషివి. ఏది పనో ఏది ఆటో తెలిసినదానివి. నువ్వు కూడా నన్ను ఆడించావు. ఫోను పెట్టేసి నవ్వుకునేదానివా?"

"ఒక్కరోజు నవ్వలేదు. ఒట్టు."

"నవ్వినా బాగుండేది," అన్నాడు టారల్డ్. "జాలిపడ్డావు."

గున్‌వోర్ కళ్లనీళ్లు పెట్టుకుంది. అతనికి మాత్రం జాలి కలగలేదు. తను నమ్మింది లోకంలో ఈ ఒక్క మనిషినే. ఈమె మాట మీద నిలబడి అక్కకి ఎదురు చెప్పాడు, ఊరికి ఎదురు చెప్పాడు, దురదపెట్టే ప్యాంటు వేసుకున్నాడు. ఊరు ఎగతాళి చేసింది గాని నిజమే చెప్పింది. మంచి మాటలు చెప్పిన మనిషే నమ్మించి గొంతు కోసింది.

కొట్టంలోకి వెళ్లాడు. బ్రూనా గుర్తుపట్టి చిన్నగా సకిలించింది, అతని భుజం మీద గడ్డం ఆనించింది. ప్లాస్టిక్ రిబ్బనైనా, వెంట్రుకైనా ఉందేమోనని గడ్డినంతా ఒక్కొక్క పోచ విడదీసి చూసి, అప్పుడు గాడిలో వేశాడు. గుర్రం మూతి పెట్టింది. వాసన చూసింది. రెండు పోచలు పెదవులతో పట్టి, నమలకుండా వదిలేసింది. పదకొండేళ్లుగా చలికాలమంతా పులిసిన గడ్డికి అలవాటు పడిన నోరు. గడ్డిని మూతితో పక్కకి నెట్టి, దాని కిందున్న ట్రాక్టరు గుడ్డు గడ్డి తింటూ నిలబడింది.

ఆ జీవి తప్పేమీ లేదని టారల్డ్‌కి తెలుసు. తెలిసినా, అన్నిటికంటే ఎక్కువ నొప్పి అక్కడే కలిగింది. గుర్రం వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, గున్‌వోర్‌తో మాట్లాడకుండా వచ్చేశాడు.

ఆ చలికాలం ఆదివారాలు ఫోను మోగేది. ఎత్తేవాడు కాదు. సిగ్నె ఎత్తబోతే వద్దన్నాడు. అసలు సంగతి విన్న రోజునుంచి ఆమె కూడా వేషాల ఊసెత్తడం మానేసింది. తమ్ముణ్ని దెప్పడానికి లేని ఇల్లు ఆమెకీ ఇల్లులా లేదు. వసంతంలో కేతిల్ రెండుసార్లు వచ్చి బతిమాలాడు. మడతపెట్టిన ఉన్ని ప్యాంటు, టోపీ అతని చేతిలో పెట్టి పంపాడు టారల్డ్.

జులై వచ్చింది. మ్యూజియం వాళ్లు పట్నంనుంచి ఎవరో నాటకాల కుర్రాళ్లని తెచ్చి కోత మొదలుపెట్టారు. టారల్డ్ ఇంటి అరుగు మీదికి ఏటి అవతల దడి అంతా కనిపిస్తుంది. పై వరస వంకరటింకరగా, చెదిరిన జుట్టులా ఉంది. ఒక్క వాన పడితే అడుగుదాకా తడిసిపోతుంది. మూడో రోజు మధ్యాహ్నం కొండ వెనకనుంచి నల్లగా మబ్బు లేచింది. బస్సు కదిలింది, కుర్రాళ్లు టోపీలు పట్టుకుని ఇళ్లలోకి పరిగెత్తారు.

సిగ్నె అరుగు చివర నిలబడి చేతులు నలుపుకుంది. గడ్డి తడుస్తుంటే చూస్తూ కూర్చోవడం వాళ్ల వంశంలోనే లేదు.

"ఒరే, వెళ్లరా. పై వరస దువ్వి వచ్చెయ్. పావుగంట పని. కళ్లెదురుగా కుళ్లిపోతుంది రా."

"కుళ్లనీ అక్కా."

"గడ్డి ఏం చేసిందిరా నిన్ను?"

"కార్ల చక్రాలు తినేదే కదా. తడిగడ్డయితే వాటికి అరగదా?"

పెద్ద పెద్ద చుక్కలు మొదలయ్యాయి. టారల్డ్ లేచాడు. సిగ్నె ఆశగా చూసి, తలుపు వెనకనుంచి అతని వానకోటు తెచ్చింది. అతను కోటు అందుకోలేదు. పెరట్లోకి పోయి, దండెం మీదున్న తన చొక్కాలు రెండూ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.