అక్క తీసిన ఎంజైమ్

తార్నాకలో మా యూనివర్సిటీ ల్యాబులో సీనియర్ అక్క ఒకామె, థర్మామీటర్ పక్కనే ఉన్నా, గాజుగొట్టాన్ని చెంపకు ఆనించే వేడి చూసేది. మూడేళ్ల కష్టంతో మేక కాలేయం నుంచి ఎంజైమ్ తీసి, అది ఏ ఆమ్లతలో బాగా పనిచేస్తుందో తేల్చింది. ఎంత వేడిలో బాగా పనిచేస్తుందో తేల్చడమే మిగిలింది.

అరవై తొమ్మిది వేసవిలో, తెలంగాణ ఉద్యమం బందులతో యూనివర్సిటీ మూతపడ్డ రోజుల్లో, కరెంటు పోయి ఎంజైమ్ దాచిన ఫ్రిజ్ ఆగింది. ఐసు కోసం ఇద్దరం తార్నాకంతా తిరిగాం.

"ఐసు బండి వస్తలేదమ్మా. రేపు కూడ రాదు," అన్నాడు దుకాణదారు.

మూడో రోజు గొట్టం చెంపకు ఆనించి, ఆమె కళ్లు మూసుకుంది.

"మళ్లీ చల్లబెడదాం అక్కా," అన్నాను.

"చల్లబడుతుందిలే. పని మాత్రం చేయదు."

అయినా సాయంత్రం దాకా పెరాక్సైడ్‌లో చుక్కచుక్కగా వేసి చూసింది. ఎంజైమ్ పనిచేస్తే నురుగు రావాలి. ఒక్క బుడగైనా రాలేదు.

స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. యూనివర్సిటీ తెరిచేసరికి అక్క అనంతపురంలో గుమాస్తాగా చేరింది. ఆమె బల్ల నాకిచ్చారు.