బీరమ్మ వేయించిన నారు

కూలికి పోయే పొలాలన్నీ ప్లాట్లయ్యాక, బీరమ్మ భానూర్‌లో చిన్న నర్సరీ పెట్టుకుంది. దొంగతనం కేసులో జైలుకు వెళ్లొచ్చిన పంతొమ్మిదేళ్ల స్వరూపను ఏ కంపెనీ కూడా పనిలోకి తీసుకోకపోతే, ఆమే తీసుకుంది.

మొదటి వారంలోనే స్వరూప నీళ్లు ఎక్కువ పోయడంతో మిర్చి నారంతా కుళ్లిపోయింది. భయపడి సంచి సర్దుకుంది.

“యాడికి పోతున్నవే?” అంది బీరమ్మ.

“నారంతా ఖరాబ్ చేసిన గద, పెద్దమ్మా!”

“నేను గూడ మస్తు చేసిన. గిట్ల కూసో, మళ్లా ఇత్తులేద్దాం.”

ఇద్దరూ సాయంత్రం దాకా ట్రేలలో మట్టి నింపి, విత్తనాలు వేశారు.

పదిరోజులకు మొలకలొచ్చాయి. జైలు నుంచి వచ్చాక మొదటిసారి స్వరూప తల్లికి ఫోన్ చేసింది.

“అమ్మా, నేనేసిన ఇత్తులు మొలిచినయే!”

ఆ మాట బీరమ్మకు వినిపించింది. విననట్టే పక్క వరుసలోకి వెళ్లి, కళ్లు తుడుచుకుంది.