ముందు సీట్లో బావగారు

తెనాలిలో విమానం కొన్న మనిషిని అందరూ అడిగే మొదటి ప్రశ్న, మైలేజీ ఎంతిస్తుందని. రెండోది, ఎంత పెట్టి కొన్నారని. మూడోది మాత్రం నన్ను అడగరు, మా ఆయన్ని అడుగుతారు, నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందండీ మీకు అని. మా ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. రంగులరాట్నం ఎక్కినా ఆయనకి కళ్ళు తిరుగుతాయి. అయినా ఆ ప్రశ్నకి వెంటనే "నేను కాదండి, మా ఆవిడ" అనరు. కాస్త ఆగి, చిన్నగా నవ్వి, అప్పుడంటారు. ఆ కాస్తసేపూ ఆయనే పైలట్టు.

విమానం నాది. నేను పళ్ళ డాక్టర్ని. నలభై దాటాక హైదరాబాదు తిరిగి తిరిగి లైసెన్సు తెచ్చుకుని, ఒకాయన వాడి అమ్మేస్తుంటే ఈ పాత విమానం కొన్నాను. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు. గన్నవరంలో ఉంటుంది. తెనాలి నుంచి అక్కడికి కారులో చేరేలోపు, విమానంలో అయితే గన్నవరం నుంచి రేపల్లె దాకా పోయి తిరిగి రావచ్చు. రేపల్లెలో దిగే చోటు లేదు కాబట్టి తిరిగి రావడం తప్ప గత్యంతరం కూడా లేదు. ఎక్కడికీ తీసుకెళ్ళని బండికి ఇంత ఖర్చెందుకని మా తోడికోడలు అడిగింది. వాళ్ళింట్లో ట్రెడ్‌మిల్ ఉంది. 

దీని తోక సంగతి కొంచెం చెప్పాలి. చాలా చిన్న విమానాలకి తోక దగ్గర ఉండే అడ్డరెక్క కిందే ఉంటుంది. నా దానికి నిలువు తోక నెత్తిన బిగించి ఉంటుంది, ఇంగ్లీషు టీ అక్షరంలాగా. ముందున్న పంకా విసిరే గాలి ఆ ఎత్తుకి సరిగా అందదు. అందుకని రన్‌వే మీద పరుగు మొదలెట్టాక కొంతసేపటి వరకు స్టీరింగ్ ఎంత వెనక్కి లాగినా ముక్కు లేవదు. దాన్ని స్టీరింగ్ అనకూడదు, కానీ మా ఇంటిల్లిపాదీ అలాగే అంటారు, వాళ్ళతో వేగలేక నేనూ అనేస్తున్నాను. తగినంత వేగం వచ్చాక ముక్కు ఒక్కసారిగా లేస్తుంది. ముందే లాగి పట్టుకుని కూర్చుంటే అప్పుడు మితిమీరి లేస్తుంది, అంత గట్టిగానూ కింద పడుతుంది. నాకు నేర్పినాయన మొదటిరోజే ఓపిక పట్టమ్మా అని, ఎందుకో బొమ్మ గీసి మరీ చెప్పారు. నన్ను ఓపిక పట్టమన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కారణం చెప్పింది ఆయనొక్కరే.

బండి కొంటే ప్రార్థన చేయించందే మా లూథరన్ కుటుంబాల్లో ఎవరూ తాళం తిప్పరు. పాస్టరుగారు పాపం గన్నవరం దాకా వచ్చారు. రెక్క మీద చెయ్యి వేసి, ఈ కారును, దీన్ని నడుపు నీ కుమారుని కాపాడుము అని అలవాటుగా అనేశారు. మా అత్తగారు కళ్ళు తెరవకుండానే "కుమార్తె అండి" అన్నారు. పాస్టరుగారు కుమార్తె అని దిద్దుకున్నారు. కారు మాత్రం కారుగానే ఉండిపోయింది.

ఇక మా బావగారు. అంటే మా ఆయనకి అన్నగారు. బ్యాంకు మేనేజరుగా రిటైరై బాపట్లలో స్థిరపడ్డారు. జన్మలో స్కూటరు తప్ప ఏదీ నడిపి ఎరగరు, కానీ ఎవరు ఏ బండి నడుపుతున్నా ముందు సీటు ఆయనదే, అందులో కూర్చుని సగం డ్రైవింగు ఆయనే చేస్తారు. ఓసారి మా అత్తగారిని చూడ్డానికి రేపల్లె వెళ్తున్నాం. భట్టిప్రోలు దగ్గర రోడ్డు మీద సగానికి సగం ధాన్యం ఆరబోశారు. నేను పక్కనుంచి నెమ్మదిగా పోనిస్తుంటే ఆయన ఉన్నట్టుండి హ్యాండ్‌బ్రేకు లాగారు. కారు సర్రున జారి తిన్నగా ధాన్యంలోకి వెళ్ళింది. రైతులు పరుగెత్తుకొచ్చారు. ఆయన అద్దం దించి, ఏమనుకోకండి, ఆడమనిషి డ్రైవింగు అన్నారు. వెనక సీట్లో మా ఆయన నిద్ర నటించారు. ఆ నటన ఆయనకి పుట్టుకతో వచ్చింది.

అలాంటి బావగారు విమానంలో ముందు సీటుని వదులుతారా? కిందటేడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం బయల్దేరాం. పెద్దవాడు ముందు కూర్చోవాలి కదా అన్నారు మా ఆయన. మా అత్తగారు ఎప్పటిలాగే మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి, నా వెనక సీట్లో కూర్చున్నారు. ఈ విమానంలో ముందున్న రెండు సీట్లకీ స్టీరింగులుంటాయి, ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. దేన్నీ ముట్టుకోవద్దని బావగారికి చెప్పాను. నాకు తెలీదా అన్నారు. బాపట్ల మీదుగా వెళ్ళలేం, అటు వైమానిక దళం వాళ్ళ స్థావరం ఉంది, అనుమతి లేదని వారం ముందే చెప్పి ఉన్నాను. దానికీ నాకు తెలీదా అనే అన్నారు. తెలిసినాయన తమ వీధి వీధంతా డాబాలెక్కి చూడమని చెప్పి వచ్చారని నాకు తర్వాత తెలిసింది.

రన్‌వే మీద పరుగు మొదలైంది. విమానం పరుగెడుతోంది, లేవడం లేదు. అది లేవాల్సిన సమయం ఇంకా రాలేదు. బావగారు కదలడం మొదలెట్టారు. లేపమ్మా అన్నారు. ఊరుకోండి బావగారూ, అదే లేస్తుంది అన్నాను. మరుక్షణం నా చేతిలోని స్టీరింగ్ గుండెల మీదికి వచ్చేసింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, బావిలో నీళ్ళు తోడినట్టు లాగుతున్నారు. నా బలం ఆయన బలం ముందు చాలలేదు. అప్పటికీ ఏమీ కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అయింది. ముక్కు ఆకాశంలోకి లేచింది, ఎదురుగా రన్‌వే మాయమైంది, ప్రమాదమని చెప్పే హారన్ మోగింది. వదలండి అని నేను అరిచిన అరుపు నా గొంతులాగే లేదు. ఆయన బెదిరి వదిలేశారు. స్టీరింగ్ ముందుకి తోసి, ఇంజను పూర్తిగా తగ్గించాను. చక్రాలు దబ్బున నేలని తాకాయి. పొడుగైన రన్‌వే కాబట్టి ఆపగలిగాను. 

బావగారు రుమాలుతో మొహం తుడుచుకుని, "నేను లాగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చివరికంటా పోయి గోడకి గుద్దేదానివమ్మా" అన్నారు.

నాకు భయం పోయి ఒళ్ళు మండిపోయింది. కానీ నిజం చెప్పాలంటే ఆయన మీద కంటే మా ఆయన మీద ఎక్కువ మండింది. ఆయన కిటికీలోంచి చూస్తున్నారు, అటు చూడ్డానికి గడ్డి తప్ప ఏమీ లేకపోయినా.

అంత గట్టిగా నేలకి తగిలాక ఇంజనీరు తనిఖీ చేసేదాకా విమానం ఎగరకూడదు. ఇంటికొచ్చేశాం. సాయంత్రం బావగారికి బాపట్ల నుంచి వరసగా ఫోన్లు. మధ్యాహ్నం డాబాల మీంచి అందరూ చూశారట. చాలా ఎత్తులో, చక్కగా తెల్లటి గీత గీసుకుంటూ వెళ్ళారట. అది చెన్నై పోయే పెద్ద విమానమేదో అయ్యుంటుంది. ఈయన మాత్రం ప్రతి ఫోనుకీ థాంక్సండి, థాంక్సండి అంటున్నారు. ఒకరితో అయితే, పైనుంచి మీరు కనపడ్డారండి అని కూడా అన్నారు.

అది నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ నెల తిరిగేసరికి ఇంకో కథ ఊరంతా పాకింది. నేను విమానం లేపలేక చేతులెత్తేస్తే, పక్కనున్న బావగారు సమయానికి లాగి నలుగుర్నీ బతికించారట. నా క్లినిక్‌లో నోరు తెరిచిన పేషెంటు, డ్రిల్లు పెట్టబోతుంటే, మీకు చేతులు వణుకుతాయంటగా డాక్టరుగారూ అని అడిగాడు. ఇక విమానం అమ్మేద్దామా అని మా ఆయన మెల్లగా కదిపారు. పెద్దవాడితో గొడవెందుకు, నిజం మనిద్దరికీ తెలుసు కదా అన్నారు. నిజం ఆయనకి తెలిసి నాకేం లాభం? ఇప్పుడు అమ్మకానికి ఒప్పుకుంటే ఇక నా చేతులు నోటికీ పనికిరావు, గాలికీ పనికిరావు.

రేపల్లెలో మా అత్తగారింట్లో చుట్టాలందరం భోజనాలకి కూర్చున్నప్పుడు బావగారు మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నారు. పెరుగన్నం దాకా వచ్చేసరికి లాగే ఘట్టంలో ఉన్నారు. నేను ఈసారి లేచి కడిగేద్దామనుకుంటున్నాను. మా అత్తగారు అందరికీ పెరుగు వడ్డిస్తున్నారు. గరిటె ఆయన కంచం మీదే ఆపి అన్నారు.

"నీ చేతులు నాకు కనపడుతూనే ఉన్నాయిరా. పిల్ల ఊరుకోమంటున్నా లాగింది నువ్వే. చంపబోయింది నువ్వు, బతికించింది అది."

పెరుగు వడ్డించి ముందుకి వెళ్ళారు.  బావగారు ఆ పూట మజ్జిగ అడగలేదు.

తనిఖీ పూర్తయ్యాక వచ్చిన ఆదివారం బావగారికి నడుం నొప్పి వచ్చింది. మా ఆయన అలవాటుగా ముందు తలుపు దగ్గర నిలబడ్డారు. మీరు వెనక్కి అన్నాను. అత్తగారిని చెయ్యి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాను. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ జీపులోనైనా కారులోనైనా ఎప్పుడూ వెనకే. పరుగు మొదలైంది. విమానం పరుగెడుతోంది, లేవడం లేదు. వెనకనుంచి మా ఆయన, అమ్మా, దేన్నీ ముట్టుకోకు అన్నారు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ అన్నారు.

"ముట్టుకోకుండా కూర్చోవడం నాకు కొత్తేంటిరా? మీ నాన్న ఉన్నప్పట్నుంచీ అదేగా నా పని."

ముక్కు దాని సమయానికి అదే లేచింది. కృష్ణ దాటి, పైకొచ్చి కుదురుకున్నాక, ఇప్పుడు పట్టుకోండి అత్తయ్యా అన్నాను. ముందు రెండు వేళ్ళు పెట్టారు. తర్వాత రెండు చేతులూ. నేను నావి తీసేశాను. అమ్మా, ఇక చాల్లే అని వెనకనుంచి మా ఆయన రెండు మూడు సార్లు అన్నారు. అందరికీ హెడ్‌ఫోన్లున్నాయి, శుభ్రంగా వినపడుతోంది. అత్తాకోడళ్ళం ఇద్దరం వినపడనట్టే ఊరుకున్నాం.