పెంచలయ్య గారి కాలేయం

పక్కింట్లో ఎవరికో జలుబు చేసినట్టుంది, పసుపు కొమ్ము కాల్చి పొగ పీలుస్తున్నారు. ఆ ఘాటు గోడ దాటి వచ్చేసరికి చదువుతున్న పుస్తకం మూసేశాను. ఈ వయసులో జ్ఞాపకాల వెంట నడవడం కూడా అలసటే. అయినా ఆ వాసన నన్ను అల్లూరులో పెంచలయ్య గారి వసారాలోకి లాక్కుపోతుంది.

అరవైల తొలి సంవత్సరాలవి. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. నేను ఎస్సెల్సీ తప్పి రైసుమిల్లులో గుమాస్తాగా చేరినవాణ్ణి. మిల్లు నుంచి నేరుగా గ్రంథాలయానికి పోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సైన్సు పత్రికలు చదివేవాణ్ణి. ఊళ్లో అవి ముట్టుకునేది ఆయనా నేనూ మాత్రమే అన్న గర్వం నాకు బాగానే ఉండేది. చదివింది పోయి అప్పజెబితే ఆయన "బాగుంది, ఎందుకని?" అనేవారు. దానికి జవాబు దొరక్క మళ్లీ గ్రంథాలయానికి పోయేవాణ్ణి.

ఒక ఏడు ఆయనకు కామెర్లు వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చాయి. పొట్టలో నీరు చేరింది. కాలేయం గట్టిపడిందనీ, చేయగలిగింది తక్కువనీ నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆ వారంలోనే నాకొక వ్యాసం దొరికింది. ఎలుక కాలేయాన్ని మూడింట రెండు వంతులు కోసి తీసేసినా కొద్ది రోజుల్లో తిరిగి పెరుగుతుందట. కావలసిన ముక్కలు కాగితం మీద రాసుకుని పరుగున పోయాను.

వసారాలో అప్పటికే పాలెం నుంచి వచ్చిన ముసలామె పసుపు కొమ్మును దీపం మీద కాలుస్తోంది. కామెర్లకు మణికట్టు మీద వాత పెట్టించడం మా వైపు అలవాటు.

"ఇదేంది రమణమ్మక్కా, మాస్టారికి వాతలేంది?" అన్నాను ఆయన భార్యతో.

"నీ పుస్తకాలు ఆయన్ను లేపి కూర్చోబెడితే నేనెందుకు పిలిపిస్తా?"

ముసలామె నా వైపు చూడనైనా లేదు. "చెయ్యి ఇట్టా పెట్టు సామీ" అన్నది. ఆయన చెయ్యి చాపి కళ్లు మూసుకున్నారు.

ఆడవాళ్లిద్దరూ లోపలికి పోయాక నా కాగితం చదివి వినిపించాను.

"కోయకముందు ఆ ఎలుకకు జబ్బుందా?" అన్నారాయన.

"లేదు సార్."

"మంచిది కోస్తే మంచిదే పెరుగుద్ది. నాది మచ్చలు కట్టింది అబ్బయా. కణాలు ఇప్పుడు గూడా పెరుగుతానే ఉంటాయి. ఆ మచ్చల మధ్య ఇరుక్కుని గడ్డలు గడ్డలుగా పెరుగుతాయి. ఆ పెరుగుడే నా జబ్బులో సగం."

నేను వదల్లేదు. పిత్తనాళాల పక్కన చిన్న కణాలున్నాయనీ, పెద్దవి చేతులెత్తేసినప్పుడు అవే కాలేయ కణాలుగా మారతాయని కొందరంటున్నారనీ చెప్పాను. ఆయన కొంచెం లేచి దిండుకు ఆనుకున్నారు.

"అన్ని కణాల్లోనూ అవే జన్యువులు. దేన్ని ఎప్పుడు పనిలోకి దించాలో చెప్పేదెవరు? చాలు, ఇంక ఆపమనేదెవరు? అది రాసినాడా?"

"ఇంకా తేలలేదంట సార్."

"తేలలేదని రాసినాడా? అయితే నమ్మదగినవాడే." నవ్వారు. "రమణమ్మ వాత పెట్టించింది, నువ్వు ఎలుకను తెచ్చినావు. వాతకు మంటన్నా తెలిసింది. ఈ మాట ఆమెతో అనబాక. ఏదో ఒకటి చేస్తన్నట్టుండాల ఆమెకు."

కార్తీకం వానల్లో ఆయన పోయారు. కర్మ అయ్యాక రమణమ్మక్క నన్ను పిలిపించింది.

"కాలేయం మళ్లీ పెరుగుద్దని నువ్వు చదివినావంట గదా, ఆయన చెప్పినాడు. మరి ఆయనకెందుకు పెరగలా? నేను వాత పెట్టించినందుకా?"

గ్రంథాలయంలో పోగేసుకున్న మాటల్లో ఆమెకు పనికొచ్చేది వెతుక్కున్నాను. "వాతకూ దానికీ సంబంధం లేదక్కా. పెరిగింది. పెరుగుతానే ఉండింది. లోపలి మచ్చలు చోటియ్యలేదు" అన్నాను.

"అయితే కడదాకా పని చేస్తానే ఉండిందన్నమాట" అని ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. వాత మాట మళ్లీ ఎత్తలేదు.

జన్యువుల గురించీ మూలకణాల గురించీ ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. ఆయన అడిగిన వాటిలో కొన్నిటికి జవాబులొచ్చాయి, కొన్నిటికి ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ఏది చదివినా, ఎదుటి మనిషికి ఇందులో ఏ మాట తోడవుతుందా అని ముందు వెతుక్కుంటాను. చాలాసార్లు ఒక్కటే దొరుకుతుంది. ఇప్పుడున్న ఓపిక ఆ ఒక్కటి చెప్పడానికే సరిపోతుంది.