ఒకటికి బీ, రెండుకు డీ

మొన్న పొద్దున నేను వంటింటి గడప దగ్గర కూర్చుని అనపగింజలు పితుకుతూ ఉంటే, మా మనవరాలు పక్కన చాప మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో పరీక్ష రాస్తూ ఉంది. కొత్త తరగతి మొదలయ్యే ముందు ప్రతి ఏడూ పెడతారట. ఎన్ని మార్కులకని అడిగితే, దీనికి మార్కులుండవవ్వా, నాకేం రాదో చూసుకునేదానికి పెడతారంతే అని తలెత్తకుండా చెప్పింది. అది ఎంతో తేలిగ్గా అనేసింది గానీ, నా చేతిలో గింజ చేతిలోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట చెవిన పడితే నాకు మా అమ్మాయి రాసిన ఇంకో పరీక్షే గుర్తొస్తుంది. ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారు. పరీక్ష అంటే పాసో ఫెయిలో తప్ప మూడోది ఎరగని నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారు.

నేను చదివింది అయిదో తరగతి, అదీ సగం. కానీ ఒక్కసారి విన్నది మరిచిపోవడం నాకు చేతకాదు. ఏ పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఎవరి బిడ్డ ఏ తిథిన పుట్టిందో, వీధి వీధంతా నన్నే వచ్చి అడిగేవాళ్లు. అందుకే మా అమ్మాయి ఒకటో తరగతి నుంచీ పాఠాలన్నీ నాకే అప్పజెప్పేది. పుస్తకం పట్టుకుని చూడాల్సిన పని కూడా నాకు లేదు, ముందురోజు అది చదువుతుండగా విన్నది చాలు, మరునాడు ఒక మాట జారితే టక్కున పట్టుకునేదాన్ని. అర్థం దానికెంత తెలుసో నేను అడగలేదు, నాకు తెలిస్తే కదా అడగడానికి. అట్లా అప్పజెప్పే పదో తరగతి గట్టెక్కింది, అట్లా అప్పజెప్పే ఇంటర్ కూడా.

మాది చంద్రగిరి. మా ఆయనకు బియ్యం వేయించి బొరుగులు చేసే బట్టీ ఉండేది, ముందు చిన్న అంగడి. మా వంశంలో ఆడపిల్ల డిగ్రీ గడప తొక్కడం మా అమ్మాయితోనే మొదలు. దాంతోపాటు రెండు వీధుల అవతల ఉన్న మా అక్క కూతురు కూడా. ఇద్దరూ తెలుగు మీడియం పిల్లలే, ఇద్దరినీ తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో బీకాంలో చేర్చాము. అక్కడ చదువంతా ఇంగ్లీషులో అని తెలిసినప్పటి నుంచే నాకు దిగులు పట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు, ఎక్కడ చూసినా కంప్యూటర్లు, ఇంగ్లీషు అని ఒకటే మాట.

చేరిన రెండో వారంలో కాలేజీ వాళ్లు ఒక పరీక్ష పెడతామన్నారు. ఇంగ్లీషు, లెక్కలు కలిపి నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు ఇస్తారు, సరైనదాని అక్షరం గుర్తు పెట్టాలి. దీనికి పాసూ ఫెయిలూ లేదు, భయపడొద్దు అని నోటీసు బోర్డులో కూడా రాశారట. నేను నమ్మలేదు. మార్కులు వేయని పరీక్ష కోసం అంత కాగితం ఎవరైనా ఖర్చు పెడతారా? పల్లెటూరి పిల్లల్ని ఏరి బయటికి పంపేదానికే ఈ ఎత్తు అని నా మనసుకు గట్టిగా తోచింది. ఆరోజు పెరుగన్నం కట్టుకుని నేను కూడా బస్సెక్కి వెళ్లాను.

హాలు చిన్నదని పిల్లల్ని రెండు జట్లు చేశారు. మా అక్క కూతురు పొద్దున జట్టు, మా అమ్మాయి మధ్యాహ్నం జట్టు. ప్రశ్నల కాగితం మాత్రం ఇద్దరికీ ఒకటేనని, పొద్దున కాగితాలనే తిరిగి తీసుకుని మధ్యాహ్నం జట్టుకని కట్ట కట్టడం చూసిన పిల్లలు చెప్పుకున్నారు. సైకిల్ స్టాండు గోడ మీద కూర్చుని మా అక్క కూతురు ముఖం మాడ్చుకుని, చిన్నమ్మా, సగం నాకు తెల్దు, ఊరికే గీకొచ్చినా అంది. పక్కనే ఒక టౌను పిల్ల, ఇంగ్లీషు మీడియం పిల్ల, సరిచూసుకునేదానికని తన జవాబుల అక్షరాలు పరీక్ష అట్ట మీద పెన్సిలుతో రాసుకొచ్చింది. మా అక్క కూతురు అడిగితే పాపం ఆ పిల్ల మంచిమనసుతో అన్నీ చదివి వినిపించింది. ఒకటికి బీ, రెండుకు డీ, మూడుకు బీ, నాలుగుకు ఏ... చివరిదాకా. ఆ పిల్ల చదివి ముగించేసరికి నలభై అక్షరాలూ నా నోట్లో పాటలాగా కూర్చున్నాయి.

మా అమ్మాయి వద్దంది. వద్దులేమ్మా, ఏం రాదో చూస్తారంట కదా అంది. నేను వినలేదు. పెరుగన్నం ముద్దలు నోట్లో పెడుతూ, మూడుసార్లు ఆ పాట దానిచేత అప్పజెప్పించాను. తప్పు చేస్తున్నానని అప్పుడు నాకు అనిపించలేదు, బిడ్డ నెత్తిన గొడుగు పట్టినట్టే అనుకున్నాను.

జాబితా వేస్తే మా అమ్మాయికి నలభైకి ముప్పై తొమ్మిది. నేరుగా మామూలు తరగతులకు వెళ్లే కొద్దిమందిలో దాని పేరు. మా అక్క కూతురి పేరు రెండో జాబితాలో. వాళ్లకు నాలుగు నెలలు వేరే చదువట: పొద్దున మేడమ్ తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెబుతుంది, మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని ఎవరి పాఠం వాళ్లే వింటారు, ఎవరికి ఏది రాకపోతే వాళ్లకు ఆ పాఠమే వస్తుంది, విన్నాక కంప్యూటరే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, తప్పితే మళ్లీ ఇంకో రకంగా చెబుతుంది. మా అక్క నాతో పది రోజులు సరిగా మాట్లాడలేదు. నేనేమో బెల్లం పాయసం చేసి వీధంతా పంచాను. ఆ పాయసం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే మాటలు చాలవు. మామూలు తరగతిలో లెక్చరర్లు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతారు. ఇక్కడున్న పిల్లలకు ఇవన్నీ వచ్చని పరీక్ష చెప్పింది కదా, మరి వాళ్లెందుకు ఆగుతారు? మా అమ్మాయి బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గోడకు ఆనుకుని కూర్చునేది. సంగటి ముద్ద చల్లారిపోయేది. గైడు తెచ్చుకుని పేజీలకు పేజీలు కంఠతా పట్టి నాకు అప్పజెప్పేది, నేను వింటే ఒక్క మాట కూడా తప్పేది కాదు. తప్పు లేదు కదమ్మా అంటే వెక్కివెక్కి ఏడ్చేది. ఎందుకేడుస్తోందో తెలిసీ నేను తెలియనట్టే తలకు నూనె రాసేదాన్ని. మా అక్క కూతురు మాత్రం రోజూ కొత్త మాట ఏదో నేర్చుకుని వచ్చి, కంప్యూటరు గొంతును అనుకరించి నవ్వించేది. ఆ నవ్వు వినపడితే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

నెల పరీక్ష మార్కులు కార్డు మీద ఇంటికే వచ్చాయి. నాలుగు పేపర్లలో మూడు పోయాయి. మా ఆయన కోపిష్టి కాదు, అదే నా భయం. కోపం వస్తే తగ్గుతుంది, ఆయనకు జాలి వచ్చింది. బట్టీ దగ్గర బొరుగులు జల్లెడ పడుతూనే అన్నాడు.

"పాప రూపం చూసినావామ్మే, ఎట్టయిపోయిందో. సోమవారం నేనే పోయి టీసీ తీసుకొచ్చేస్తా. చదువు లేకుంటే బతకరా ఏంది? నువ్వు బతకలే?"

ఆ చివరి మాట నాకు సూదిలా దిగింది. నేను బతికాను, నిజమే. నాలాగా బతకకూడదనే కదా దాన్ని పంపింది. అది చదవలేక మానేస్తే విధి అనుకోవచ్చు, నా వల్ల మానేస్తే ఆ పాపం ఎక్కడ కడుక్కోను?

శనివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. చంద్రగిరి నుంచి తిరుపతి ఎంత దూరం, అరగంట. ఆ అరగంటలో నాకు రాని ఆలోచన లేదు. కాపీ కొట్టిందని డిబారు చేస్తే? మా అక్క కూతుర్ని కూడా తీసేస్తే? ఆ అట్ట మీద రాసుకున్న పిల్లను పట్టుకుంటే? రెండుసార్లు దిగిపోదామని లేచి, మళ్లీ కూర్చున్నాను.

ఆ రెండో జాబితా పిల్లలకు చెప్పే మేడమ్ కంప్యూటర్ గదిలో ఉందన్నారు. చెప్పులు బయట విడిచి, తెర తీసుకుని లోపలికి వెళ్తే చల్లగా ఉంది, నాకేమో చెమటలు. మేడమ్ మాది చిత్తూరు పక్కేనని చెప్పి కూర్చోమంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. ఆ పాట ఇప్పుడు కూడా వస్తుందా అని అడిగింది. వస్తుందని, ఒకటికి బీ నుంచి నలభై దాకా ఆగకుండా చెప్పాను. మేడమ్ పెదవుల మీద నవ్వు వచ్చి, అంతలోనే పోయింది.

"నాలుగో ప్రశ్న ఏందమ్మా?"

"తెల్దు మేడమ్."

"పదోది?"

"అదీ తెల్దు."

"మీ పాపకీ తెల్దు. అన్నీ వచ్చని మేం ఆ బిడ్డని వదిలేస్తిమి."

అరిచి ఉంటే ఏడ్చేదాన్ని. ఆమె మెల్లగా అనేసరికి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లుగా నేను బిడ్డకు చదువు చెప్పించాననుకున్నాను, నాకున్న ఆ కంఠతా పట్టడమే దానికీ ఇచ్చాను. ఒకే కాగితం రెండు పూటలా ఇవ్వడం తమ తప్పేనని కూడా మేడమ్ అంది. సోమవారం వేరే కాగితం ఇస్తాను, తెలిసింది తెలిసినట్టు, తెలియంది వదిలేసి రాయమనండి అని పంపింది. నెలన్నర వెనకబడింది, గట్టెక్కుతుందని నేను చెప్పలేను అని కూడా అంది. ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పక తప్పలేదు. ఆయన జల్లెడ కింద పెట్టాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదే, నెలన్నర ఈ పాట ఎట్ట దాచినావమ్మే?" అన్నాడు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు గానీ, సోమవారం మాత్రం మాతో బస్సెక్కాడు. పరీక్ష అయ్యేదాకా ఇద్దరం వరండాలో కూర్చున్నాము. మేడమ్ అక్కడికక్కడే దిద్దింది. మా అమ్మాయి బయటికొచ్చి, నలభైకి పన్నెండొచ్చినాయి నాయనా అని చెప్పింది, చెప్పి నవ్వింది. కాలేజీలో చేరాక దాని పళ్లు కనబడింది ఆరోజే.

"పన్నెండొస్తే నవ్వుతుందేమ్మే ఈ పాప?" అని ఆయన నన్ను అడిగాడు.

మధ్యాహ్నం కంప్యూటర్లన్నీ నిండిపోయాయని మేడమ్ దానికి పొద్దున ఏడు గంటల వేళ ఇచ్చింది. మొదటి బస్సుకు నేను కూడా వెళ్లి ఆ తెర బయట మెట్ల మీద కూర్చునేదాన్ని. లోపల నుంచి ఒక్క మాట కూడా వినపడేది కాదు. మధ్యలో తెర సందులోంచి చూస్తే, చెవులకు పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, నోటు బుక్కులో సొంతంగా ఏదో రాసుకుంటూ ఉండేది. మొదటి ఏడు ఒక పేపరు పోయింది, మళ్లీ కట్టి రాసి గెలిచింది. డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు తిరుపతిలోనే ఒక ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తోంది, తనకు తెలియంది ఉంటే నలుగురిలోనూ తెలియదు, చెప్పండి అని అడుగుతుందట. ఆ మాట అనడానికి నాకు ఈ వయసులో కూడా నోరు రాదు.

ఆ పొద్దుటి బస్సుల కాలంలోనే ఒకరోజు, అలవాటు కొద్దీ దీపం పెట్టి, రామ్మా అప్పజెప్పు అని పిలిచాను. వద్దులేమ్మా, ఇప్పుడవి అప్పజెప్పేవి కావు అని మెల్లగా చెప్పి, పుస్తకంలో తల దూర్చింది. నేను కోరుకున్నది అదే. అయినా ఆ సాయంత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మన కాలంలో పరీక్షల నెల వచ్చిందంటే వీధి వీధంతా గొంతులే కదా, ఏ ఇంటి ముందు నడిచినా ఎవరో ఒక బిడ్డ గట్టిగా చదువుతూ ఉండేది, అర్థం తెలిసో తెలియకో. ఇప్పుడు పిల్లలందరూ చెవుల్లో పెట్టుకుని ఎవరి పాఠం వాళ్లు వింటున్నారు, బాగానే నేర్చుకుంటున్నారు, మునుపటికన్నా బాగానే. నేను మాత్రం ఏ గుమ్మం ముందు నిలబడినా, లోపల ఏ బిడ్డ ఎక్కడ తడబడి ఆగిందో నాకు వినపడదు.