ఏడుగురు మామ్మల పుట్టినరోజు

ఇప్పుడు చరిత్ర మన ఫోనులోకి పిలవకుండానే వచ్చి కూర్చుంటోంది. మా బావగారు రోజూ నేను పళ్లు తోముకోకముందే కుటుంబం గ్రూపులో "చరిత్రలో ఈ రోజు" అంటూ ఒక జాబితా పడేస్తారు. దానికి పదకొండు మంది దండాలు పెడతారు, ఒక్కరూ చదవరు. (నేను మాత్రం చదువుతాను. పాత పాపం ఒకటుంది, అందుకు.) నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే ఇదే సరుకును లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకంగా తెచ్చుకుని, వర్షానికి తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి, మోటార్‌సైకిల్ ముందు బుట్టలో పెట్టుకుని మోసుకెళ్లాల్సి వచ్చేది.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మలేషియాలోని సుంగై పెటాని ఊళ్లో చేతి తొడుగులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. మా వంశంలో రబ్బరు చెట్ల మధ్య నుంచి లేచి వచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటిదాన్ని నేనే కాబట్టి, ఆ కుర్చీ ఊడితే మా అమ్మ మళ్లీ వీధిలోకి తలెత్తుకుని వెళ్లేది కాదు. ఆ కుర్చీ భవిష్యత్తు మా పర్సనెల్ ఆఫీసరు చేతిలో ఉండేది. ఆయన ఏడాది పొడుగునా పచ్చ టై ఒక్కటే కట్టేవాడు, అందుకని మేమంతా ఆయన్ని పచ్చ టై అనే పిలుచుకునేవాళ్లం (ఆయన వినకుండా). పనివాళ్లు క్యాంటీన్ బోర్డు మీద వంటకాల పేర్లు తప్ప ఇంకేమీ చదవడం లేదని ఆయనకు బెంగ పట్టుకుంది. ఆ బోర్డు పైసగం నాకిచ్చి, రోజూ పొద్దున్నే చరిత్రలో ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నాడు. "బాగా రాస్తే కన్ఫర్మేషన్ సంగతి చూద్దాం లా" అని ఒక మాట విసిరాడు (మాట చివర ఆ "లా" మా ఊళ్లో అందరికీ అలవాటే).

నేను ప్రాణం పెట్టి రాశాను. కిందిసగం మాత్రం క్యాంటీన్ నడిపే మలయ్ అక్కదే. ఏప్రిల్ పదిహేనున, అట్లాంటిక్‌లో మంచుకొండను కొట్టుకుని పెద్ద ఓడ మునిగిందని నేను రాస్తే, సరిగ్గా దాని కింద ఆవిడ "వేపిన చేపలు" అని రాసింది. జనం చేపలు చదువుకుని వెళ్లిపోయారు. జూలై ఇరవైన, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన సంగతి రాస్తే మా ఫోర్క్‌లిఫ్ట్ అన్నయ్య ఒక్కడే ఆగాడు. "అయితే ఇయ్యాల లీవు ఉందేటి లా?" అని అడిగాడు. లేదన్నాను. చంద్రుణ్ణి అక్కడే వదిలేసి టీకి వెళ్లాడు.

ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుందనగా ఒక రోజు (తేదీ చెప్పను, చెబితే మీరూ కేకు అడుగుతారు) పుస్తకం తెరిస్తే ఒక యుద్ధం, ఒక భూకంపం, ఒక రాజుగారి మరణం కనిపించాయి. పొద్దున్నే ఈ ఏడుపు ఎవరికి కావాలని విసుగు పుట్టింది. ముందురోజు రాత్రే మా మామ్మకు క్లినిక్ ఫారం నింపుతూ ఆమె ఐసీ, అంటే గుర్తింపు కార్డు, చూశాను. ఆ రోజుకు ఆమెకు డెబ్బై నిండుతాయి. సరే అనుకుని బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో "ఈ రోజున మా మామ్మ పుట్టింది" అని రాసి, ఎస్టేటు పేరు, ఆవిడ అక్కడ రబ్బరు పాలు తీసిన సంగతి కూడా చేర్చాను. సాయంత్రం ఇంటికి ఒక కేకు పట్టుకెళ్లాను.

మామ్మ కేకు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఏటే ఇది? ఎవులి పెళ్లి?"

"నీ పుట్టినరోజు మామ్మా. డెబ్బై నిండినాయి. నీ ఐసీలో రాసి ఉంది గదా."

"అదా! అది నాది కాదే గుంటా. పొడుగమ్మది."

కేకు కోయబోతున్న కత్తి పక్కన పెట్టాను. మామ్మ తాపీగా చెప్పుకొచ్చింది. "అప్పుడు అందరికీ ఐసీలు ఇత్తన్నారని లైనులో నిలబెట్టినారు. కిరాణీ ఎప్పుడు పుట్టినావని అడిగినాడు." (కిరాణీ అంటే ఎస్టేటు గుమాస్తా.) "వరికోతలప్పుడని మా యమ్మ అనేది. అలగ సెప్తే ఆడు తిడతాడు. నా ముందర పొడుగమ్మ ఏటి సెప్పిందో నానూ అదే సెప్పినాను. నా ఎనకాలోల్లూ అదే అన్నారు. ఏడాది మట్టుకు మొకం సూసి ఆడే ఏసినాడు. లైను గబగబా కదిలింది." ఇంతలో నేను కొవ్వొత్తి ఊదమంటే కొట్టినంత పని చేసింది. "దీపం ఆర్పమంటావేటే, బుద్ధి నేదా?"

మర్నాడు వెళ్లేసరికి బోర్డు దగ్గర గుంపు. ఐదు నెలలుగా నేను కోరుకున్న గుంపే అది. నా వాక్యం కింద ఎర్ర మార్కరుతో ఆరు వాక్యాలు వెలిశాయి. మా అమ్మకూ నిన్ననే అని ఫ్యాక్టరీ తుడిచే అక్క, మా మామ్మకూ నిన్ననే అని ఫోర్క్‌లిఫ్ట్ అన్నయ్య, ఇంకో నలుగురు. అందరిదీ ఒకే ఎస్టేటు. చేపలు రాయడానికి చోటు లేక క్యాంటీన్ అక్క బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

పచ్చ టై నన్ను గదిలోకి పిలిచాడు. "ఏడుగురు ముసలమ్మలు, ఒకటే ఎస్టేటు, ఒకటే పుట్టినరోజు. ఇది చరిత్రా, వేళాకోళమా?"

"సంవత్సరాలు వేరు సార్" అన్నాను నీరసంగా.

"అది ఇంకా అనుమానం లా. బోర్డు మీద అబద్ధం రాసే టైపిస్టు రేపు ఫైలులో ఏం రాస్తుందో? సోమవారానికి ఇది నిజమని చూపించు. లేకపోతే నీ కన్ఫర్మేషన్ లెటరు ఈ సొరుగులోనే ఉంటుంది."

అది నిజం కాదని నాకు అప్పటికే తెలుసు. అందుకే ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. ఒక్కటే ఆశ మిగిలింది. కనీసం పొడుగమ్మ పుట్టినరోజైనా నిజమైతే, ఏడింటిలో ఒక్కటి నిలుస్తుంది. ఆదివారం మామ్మను మోటార్‌సైకిల్ వెనక ఎక్కించుకుని తుడిచే అక్క ఇంటికి వెళ్లాను. పొడుగమ్మ ఆవిడ తల్లే. నడుం వంగిపోయి నా భుజం దాకా వచ్చింది గానీ పేరు మాత్రం పొడుగుగానే ఉంది.

"నాదా?" అని పొడుగమ్మ నోరు తెరిచింది. "నాదెక్కడమ్మా! నాకేటి తెలుసు! కిరాణీ కేకలేత్తంటే బయపడి గోడ మీద కేలండర్ కేసి సెయ్యి సూపినాను. ఆ దినం ఏ తేదీయో అదే రాసీసినాడు." అంటే అది ఎవరి పుట్టినరోజూ కాదు, లైను కట్టిన రోజు. ముసలమ్మలిద్దరూ ఒకరి భుజం ఒకరు కొట్టుకుంటూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నా ఉద్యోగం పోయిందని నేను ఏడుపు మొహం పెట్టాను.

నవ్వు తగ్గాక మామ్మ రవికలోంచి ఐసీ తీసి, అందులో తన బొమ్మను వేలితో తుడిచింది. "ఆ దినం దాకా నాకు ఫోటో నేదే. అందరూ ఫలానావోడి పెళ్లామనేవోరు. ఆ దినమే కిరాణీ నీ పేరేటని అడిగి కాగితమ్మీద రాసినాడు. నాది కాకపోతే ఎవులిదే అది?" ఐదు నెలలు రాజుల పుట్టుకలూ చావులూ రాశాను గానీ, మా మామ్మ గురించి రాయాల్సిన సంగతి ఏదో నాకు అప్పటిదాకా తెలియదని సిగ్గేసింది.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి బోర్డు తుడిచి రాశాను. "సవరణ. ఆ తేదీన ఏడుగురు ఆడవాళ్లు పుట్టలేదు. ఆ తేదీన వాళ్లు ఎస్టేటు ఆఫీసు ముందు లైనులో నిలబడి, మొదటిసారి తమ పేరు రాయించుకుని, ఫోటో దిగారు. పుట్టినరోజు తెలియక ఆ రోజునే తమ రోజుగా పెట్టుకున్నారు." పచ్చ టై దాన్ని రెండుసార్లు చదివాడు, టై సర్దుకున్నాడు. "ఇదైనా నిజమేనా?"

"నిజమే సార్. ఏడుగురు సాక్షులున్నారు."

"ముందే ఇలా రాసి ఉంటే నాకు తలనొప్పి తప్పేది లా" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నెలాఖరుకు లెటరు చేతికొచ్చింది. చరిత్ర మాత్రం నా చేతిలోంచి పోయింది. బోర్డు మొత్తం క్యాంటీన్ అక్కకు దక్కింది, ఆవిడ అంత విశాలంగా చేపలు రాయడం నేనెప్పుడూ చూడలేదు.

నాకేమో నిమిషాలతో సహా పుట్టిన వేళ ఉంది, ముద్ర వేసిన కాగితముంది. అయినా నా పుట్టినరోజున అందరికంటే ముందు శుభాకాంక్షలు చెప్పేది నా బ్యాంకే. మా మామ్మ తేదీ వచ్చిందంటే మాత్రం ఏడు కుటుంబాల వాళ్లమూ తెల్లారేసరికి ఒకరికొకరు సందేశాలు పెట్టుకుంటాం. ఆ లైనులో నిలబడిన వాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు. మా బావగారి జాబితాలో ఆ రోజున అదే యుద్ధం, అదే భూకంపం, అదే రాజుగారి మరణం వస్తాయి. వాటి కింద మామ్మ ఐసీ ఫోటో పెడతాను. సాయంత్రం కేకు తెచ్చి ముందుగా ఏడు ముక్కలు కోసి పక్కన పెడతాను. డాక్టరు తీపి ముట్టవద్దన్నాడు కాబట్టి నా వాటా ముట్టను, మామ్మ వాటా తినేస్తాను. కొవ్వొత్తి మాత్రం వెలిగించను. వెలిగిస్తే ఆర్పాలి, ఆర్పితే ఆవిడ ఊరుకోదు.