ఓడ దొర విన్న మాట

మార్కాపురం పక్క పలకల గనుల్లో ఒకదాన్ని గుత్తకు తీసుకున్న తెల్లదొరను మేమంతా ఓడ దొర అనేవాళ్ళం. ఇంగ్లండు నౌకాదళంలో అడ్మిరల్ దాకా ఎదిగి, పెన్షన్ తీసుకుని వచ్చిన మనిషి. మా వాళ్ళకు సముద్రమంటే ఏం తెలుసు? మేము చూసిన పెద్ద నీళ్ళు గుండ్లకమ్మ వరద. అదీ నాలుగు రోజులు ఉరికి, ఆ తర్వాత ఇసుక చూపించేది. అలాంటి ఎండు నేలకు వచ్చి ఆ మనిషి గనిని ఓడలాగా నడపబోయాడు. వాడి ఓడ మునగలేదు గానీ మా కొంపలు మునిగాయి.

ఇన్నేళ్ళయినా వాడి గురించి రాస్తుంటే నాకు రక్తం ఉడుకుతుంది. రాయడం నీకెట్లా వచ్చిందని అడుగుతారేమో, పలకలు కొట్టే ఇంట్లో పలకకేం కరువు? విరిగిన ముక్కల మీద మా ఆయనే నాకు అక్షరాలు దిద్దించాడు. ఆయన ఆ గనిలో రాతిని ఉలితో పలుచని పొరలుగా చీల్చేవాడు. నేను రాళ్ళ చెత్తను గంపకెత్తి మోసేదాన్ని, సాయంత్రం దొర బంగళాకు నీళ్ళు పోసేదాన్ని.

దొర బట్లరు మా ఊరి సాయిబే. చిన్న వయసులో బొంబాయి పోయి, ఓడెక్కి, దొరకు వండిపెడుతూ లోకమంతా తిరిగి, ఆయన వెంటే మళ్ళీ ఇక్కడ దిగాడు. నేను నీళ్ళు పోస్తుంటే దొర కథ చెప్పేవాడు. దొరను మీసం మొలవకముందే ఓడలో చేర్చారట. "తప్పు చేస్తే పై ఆఫీసరు ముడులేసిన తాడుతో వీపు చీరేసేవాడంట చెల్లే. ఆ తాడు కిందనే పెద్దోడైనాడు" అనేవాడు.

పెద్దవాడయ్యాక చీనా సముద్రంలో దొంగల ఓడలను కాల్చాడట. నీళ్ళలో తేలుతూ చేతులు ఊపినవాళ్ళనూ వదల్లేదట. మెడల్ మీద మెడల్ తగిలించుకుని ఓడల గుంపుకే అధికారి అయ్యాడు. జర్మనీ యుద్ధంలో పక్క ఓడ పేలిపోయి, మంటలంటుకున్న నూనెలో సొంత మనుషులు ఈదుతూ కేకలు పెడుతుంటే, నీటి అడుగున శత్రువు పొంచి ఉన్నాడని తన ఓడను ఆపకుండా వాళ్ళ మీదుగానే నడిపించాడట. "ఓడ అడుగున తిరిగే ఇనప రెక్కలకు దొరికినోళ్ళు దొరికినట్టే ముక్కలైనారు. నా ఈ కండ్లతో చూసినా" అని సాయిబు చెంపలు వేసుకునేవాడు.

ఆ తర్వాత ఓడ కొలిమిలో బొగ్గు వేసే నావికులు తిరగబడ్డారు. అందులో ఒకడు దొర గది తలుపు బయట నిలబడి "వస్తున్నా" అని అరిచి మరీ కత్తితో లోపలికి దూకాడు. దొర చెవి నుంచి గడ్డం దాకా ఉన్న మచ్చ వాడు పెట్టిందే. దొర వాణ్ణి అక్కడికక్కడే కాల్చి చంపాడు. అప్పటి నుంచి పడుకున్నా నడుం నుంచి పిస్తోలు తీయడు.

"ఇంత నెత్తురు చూసినాయన ఈడికెందుకొచ్చినాడు సాయిబన్నా?" అని అడిగాను.

"సముద్రం కనపడని చోటు కావాలన్నాడమ్మా."

భూమ్మీద అలాంటి చోట్లే లేనట్టు వెతికి వెతికి మా నెత్తిన పడ్డాడు.

గంట కొడితే గనిలో దిగాలి, గంట కొడితే ఎక్కాలి. గని అంచున జెండా కొయ్య పాతించాడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి దానికి కట్టించి తాడుతో కొట్టించేవాడు. కొట్టేవాడి చెయ్యి మెత్తగా ఉందనిపిస్తే తానే అందుకునేవాడు. దొరకు వచ్చిన తెలుగు గుప్పెడు: రా, పో, దిగు, వస్తా, రాను. పిలిస్తే కూలోళ్ళు వస్తామంటున్నారో రామంటున్నారో తెలిస్తే చాలనుకున్నాడు.

వానలు పట్టిన రోజుల్లో ఒక పొద్దున గని గోడ జారింది. మా ఆయన పక్కన రాయి కొట్టే ముసలాయన, వరసకు మాకు మామ, నడుం దాకా రాళ్ళ కింద పడ్డాడు. పై గోడ కూడా కదులుతోంది, ఒక్కడి కోసం ఎవడూ అటు పోవద్దు, అవతలి మూలలో పని ఆపొద్దు అని దొర సాయిబు చేత అరిపించాడు. మామ మా ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. మా ఆయన ఒక్క దూకు దూకి, చేతులతో రాళ్ళు పెరికి మామను బయటికి లాగాడు. తొడ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పైకి చేర్చేలోగా మా ఆయన భుజం మీదే ప్రాణం పోయింది.

మామ శవం అక్కడ ఉండగానే, ఆజ్ఞ మీరినందుకు మా ఆయనను కొయ్యకు కట్టారు. అందరినీ వరసగా నిలబెట్టి చూడమన్నారు. దొరే కొట్టాడు. ముందు చొక్కా పీలికలయింది, తర్వాత వీపు పీలికలయింది. నేను గంప విసిరేసి దొర మీదికి పోబోతే సాయిబు నా రెక్కలు విరిచి పట్టుకున్నాడు. "వద్దు చెల్లే, కాల్చేస్తాడు" అన్నాడు. మా ఆయన ఒక్క కేక పెట్టలేదు. ఆయన పెట్టాల్సిన కేకలన్నీ నేనే పెట్టాను.

ఇంటికొచ్చాక వీపుకు పసుపు పెడుతూ తేల్చి చెప్పాను. "ఇంక ఆ గనికి పోవద్దు. యర్రగొండపాలెంలో మా నాయన దగ్గరికి పోదాం, మేకలు కాసుకుందాం. నువ్వు పాణంతో ఉంటే చాలయ్యా నాకు." ఆయన ఒప్పుకున్నాడు. కానీ ఉలీ సుత్తీ గనివి, ఇవ్వకుండా పోతే దొంగంటారని పట్టుబట్టాడు. మర్నాడు నేనూ వెంట పోయాను.

దొర జెండా కొయ్య దగ్గరే ఉన్నాడు, కాస్త వెనక సాయిబు. మా ఆయన సుత్తి కింద పెట్టి, ఉలి చేతిలో పట్టుకుని, "ఇంక పనికి రాను దొరా" అన్నాడు. రాను అన్న మాట దొరకు తెలుసు. ముఖం కందగడ్డలా అయింది. "పో" అని అరిచాడు.

మా వైపు ఇంట్లోంచి కదిలేటప్పుడు పోతా అనరు. పోయేది పీనుగ, మనిషి పోయొస్తాడు. చేదబావికి పోతూ కూడా వస్తా అనే చెప్తాం. ముఖాన ఉమ్మేయాల్సిన మనిషి దగ్గర కూడా మా ఆయన నోటికి అలవాటైన ఆ మర్యాదే వచ్చింది. ఉలిని దొర చేతికిద్దామని చాపి, ఒక అడుగు ముందుకేసి, "వస్తా దొరా" అన్నాడు.

పిస్తోలు పేలింది. గుండు కుడి భుజంలో దిగి ఎముకను పిండి చేసింది. ఆయన పలకల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు, నల్లటి పలకలన్నీ నెత్తురు. దొర మళ్ళీ గురి పెట్టాడు. నేను మా ఆయన మీద పడి కప్పేశాను. సాయిబు అడ్డం దూకి దొర చెయ్యి పైకి తోశాడు. రెండో గుండు ఎటో పోయింది. దొర గడ్డం మీది మచ్చను తడుముకుంటూ ఇంగ్లీషులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అరిచాడు. వస్తానన్నాడు, వస్తానన్నాడు అని, సాయిబు తర్వాత చెప్పాడు.

కాల్చినవాడిది నేరం కాలేదు, కాల్పించుకున్నవాడిదయింది. ఇనుము పట్టుకుని దొరను చంపబోయాడని కేసు పెట్టారు. మా ఆయనను ఆసుపత్రి నుంచి ఎడమ చేతికి బేడీ వేసి మార్కాపురం కచేరీకి తెచ్చారు. నేరం రుజువైతే ఏళ్ళకేళ్ళు జైలన్నారు. ఆ భుజంతో జైలుకు పోతే ప్రాణంతో రాడని నాకు తెలుసు.

మేజిస్ట్రేటు తెలుగాయనే. సాయిబును బోనెక్కించి, ముద్దాయి వస్తా అన్నాడా లేదా అని అడిగారు. అన్నాడు హుజూర్ అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటన్నారు. సాయిబు దొర వైపు చూసి, తల దించుకుని, "వస్తానని హుజూర్" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే నాకు ఒళ్ళంతా మంట పుట్టింది.

లేచి నిలబడ్డాను. "అయ్యా, పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు మీ ఇంటామెకు ఏం చెప్పి వచ్చినారు?" అన్నాను. బంట్రోతు నా నోరు మూయబోతే వాడి చెయ్యి నెత్తురొచ్చేట్టు కొరికాను. "చెప్పండయ్యా! వస్తానే అని చెప్పలేదా? ఆమెను చంపడానికి వస్తానని చెప్పినారా?"

కచేరీలో ఎవరో నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు కాగితాలు పక్కన పెట్టాడు. "వదలండి ఆమెను" అని, దొర వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. దొర నమ్మక సాయిబును అడిగాడు. ఏమడిగాడో బయటికొచ్చాక సాయిబు చెప్పాడు. తిరిగి రానివాళ్ళు కూడా ఆ మాటే అంటారా అన్నాడట. రానోళ్ళు కూడా అదే అంటారు హుజూర్ అని తాను చెప్పాడట. ఆ ముక్క బోనులో ఎందుకు చెప్పలేదని సాయిబును నేను అడగలేదు. రెండో గుండు నుంచి కాపాడింది ఆ చెయ్యే కదా.

మా ఆయనను విడిచిపెట్టారు. దొరకు శిక్షేమీ పడలేదు, పడుతుందని మేమూ అనుకోలేదు. కొన్నాళ్ళకు గని ఇంకొకరికి అప్పగించి రైలెక్కి పోయాడు.

మేము యర్రగొండపాలెం చేరి మేకలు పెట్టుకున్నాం. ఆయన కుడి చెయ్యి ఎండిపోయింది. దానికి ఇద్దరం అలవాటు పడ్డాం. అలవాటు పడలేనిది ఇంకొకటి. పొద్దున నేను పొయ్యి దగ్గర ఉంటే, చెప్పా పెట్టకుండా మేకలు తోలుకుని అడవిలోకి పోయేవాడు. చిరుతలు తిరిగే అడవి. తిరిగొచ్చేదాకా నాకు ప్రాణం కుదుటపడేది కాదు. ఎంతకాలమో ఓర్చుకుని ఒకరోజు వాకిట్లో అడ్డం నిలబడి అరిచాను.

"ఏమయ్యా, కట్టుకున్నదాన్ని, నన్ను చూస్తే గోడలాగ ఉన్నానా? వస్తానే అని ఒక మాట చెప్పి పోతే నోట్లో ముత్యాలు రాలతాయా?"

ఆయన ఎడమ చేతిలో కర్ర పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఒకసారి చెప్పినా కదే" అని, మేకల వెనక పోయాడు.